టీచరమ్మలు ఎక్కితేనే వెలిగే లైటు

మా వీధి చివర ఒక గ్యారేజీ ఉంది. పని మానేశాక కాళ్లు ఊరుకోక రోజూ సాయంత్రం అక్కడికి వెళ్లి స్టూలు మీద కూర్చుంటాను. బండి రాగానే అక్కడివాళ్లు స్కానర్ తగిలిస్తారు, అది ఏ పార్టు పేరు చెబితే ఆ పార్టు మార్చేస్తారు, చేతులు తుడుచుకుని ఇంకో బండి మీద పడతారు. నాకు ఒళ్లు మండుతుంది. ఏదో ఒకటి అనకుండా ఉండలేను. "తాతాజీ, ఆప్‌కా జమానా అలగ్ థా" అని, మీ కాలం వేరంటూ నవ్వేస్తారు. తెలుగింటి పిల్లలే, నేను తెలుగులో తిడితే హిందీలో జవాబిస్తారు. నోటితో చెబితే వినరు కాబట్టి రాసి పెడుతున్నాను. చదివి నవ్వుకోండి. ఇందులో నవ్వులపాలైన వాళ్లలో మొదటివాణ్ని నేనే.

నేను పనిచేసిన గ్యారేజీ జంషెడ్‌పూర్‌లో, జుగ్సలాయి గోదాముల వెనక సందులో ఉండేది. ఇటు గోధుమ బస్తాలు, అటు సిమెంటు బస్తాలు, మధ్యలో మేం. లారీ ఒకటి సందులో ఇరుక్కుంటే ఆ పూట మా బేరం అయిపోయినట్టే. నాది కరెంటు పని, అంటే బండిలో తీగలు, లైట్లు, సెన్సార్లు. నాతోపాటు ఒక ఒడియా ఆయన బ్రేకులు, స్ప్రింగులు చూసేవాడు. నాకంటే పెద్ద, అందుకని వాళ్ల భాషలోనే భాయినా అని పిలిచేవాణ్ని. మా దగ్గర ఉండి ఉండి మా తెలుగు నేర్చాడు గానీ, దాన్ని హిందీలో ముంచి తీసి మాట్లాడేవాడు. ఏ బండికి ఏ రోగం వచ్చినా బ్రేకు షూలు అరిగాయని ఆయన అనేవాడు, తీగ ఎక్కడో తెగిందని నేను అనేవాణ్ని. ఇంజను ఆయిలు కారుతున్న బండి దగ్గర కూడా మా వాదన ఇదే. టీ వచ్చేవరకూ సాగేది.

ఇక కథానాయకుడు. మా ఊళ్లోనే గోల్‌మురి పేటలో మా తెలుగాయన ఒకడు, నా ఈడువాడు, వరసేమీ లేకపోయినా నన్ను బావా అనేవాడు, నేనూ అలాగే పిలిచేవాణ్ని. ఆయనకి పొడుగాటి జీపులాంటి పాత బండి ఉండేది. ముందు డ్రైవరు పక్కన ఒక సీటు, మధ్యలో ఒక వరస, వెనక ఎదురెదురుగా రెండు బెంచీలు. అందులో రోజూ గోల్‌మురి నుంచి కాసిడీహ్‌లో ఉన్న ఒక బడికి టీచరమ్మల్ని తీసుకెళ్లేవాడు. అందరూ తెలుగువాళ్లే, చాలామంది మన కోస్తా వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబాలవాళ్లు. కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు ఆ బండి ఎక్కినవాళ్లు జుట్టు నెరిసేదాకా అదే బండి ఎక్కారు. ఆయనకి వేరే బేరాల్లేవు. ఆ టీచరమ్మలే ఆయన అన్నం.

ఆ బండి కొన్నప్పుడు దానికి ఏబీఎస్ ఉండటం పెద్ద గొప్ప. గట్టిగా బ్రేకు తొక్కినా చక్రం బిగుసుకుపోయి జారకుండా చూసే ఏర్పాటు అది. చక్రం చక్రానికీ ఒక సెన్సార్ ఉండి ఎంత వేగంగా తిరుగుతోందో చెబుతుంటుంది. ఏ ఒక్క సెన్సార్ నుంచి కబురు ఆగినా డాష్‌బోర్డు మీద పసుపుపచ్చ లైటు వెలుగుతుంది. మామూలు బ్రేకు పడుతుంది గానీ, తడి రోడ్డు మీద ఆ కాపలా ఉండదన్నమాట.

ఆయన బండికి ఆ లైటు వెలగడం మొదలైంది. చూపించుకుందామని రావాలా వద్దా? రాలేదు. ఏం చేశాడో తెలుసా? ఇంట్లో అద్దానికి అంటించి ఉన్న బొట్టుబిళ్ల ఒకటి, పెద్దది, తెచ్చి లైటు మీద అతికించేశాడు. వాళ్లావిడ బిళ్లే. లైటు కనపడలేదు, బెంగ తీరిపోయింది.

కొన్నాళ్లు గడిచింది. ఒక వానపొద్దున బండి జారి డివైడరు దాకా వెళ్లి ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు, గుండెలు మాత్రం జారాయి. అందరిలోకీ పెద్ద టీచరుగారు, సైన్సు చెప్పేవారు, దిగి ముందు తలుపు తీసి డాష్‌బోర్డు వైపు చూశారు. అక్కడ బొట్టుబిళ్ల. గోటితో గీకి తీశారు. కింద పసుపు లైటు దివ్యంగా వెలుగుతోంది.

"ఏమయ్యా, దీనికి పేరంటం చేశావా?" అన్నారట. అని ఊరుకోలేదు. లైటు సంగతి తేల్చకపోతే వచ్చే నెల ఒకటో తారీకు నుంచి వేరే బండి మాట్లాడుకుంటామన్నారు. ఆ సాయంత్రమే ఇంకో బండివాడితో మాట్లాడారు కూడా.

అప్పుడు పరుగెత్తుకొచ్చాడు మా దగ్గరికి. "బావా, నువ్వే దిక్కు. ఆళ్లు ఎల్లిపోతే నానేటి సెయ్యాలి? పాత ఇనపసామాన్లోడు అప్పుడే బండి సుట్టూ తిరుగుతన్నాడు. మొన్న ఏలితో డోరు కొట్టి సూసి మరీ ఎల్లినాడు" అన్నాడు. బతికున్న బండిని అలా వేలితో కొట్టి చూడటం నాకూ నచ్చలేదు.

స్కానర్ పెట్టాను. వెనక కుడి చక్రం సెన్సార్ నుంచి కబురు లేదని చెప్పింది. మా గ్యారేజీలో ఒక అలవాటుంది: బ్రేకు మాట వినిపిస్తే చాలు, ముందు బండిని జాకీ మీదకి లేపాలి. లేపాం. చక్రం తిప్పి, మీటరు పెట్టి చూస్తే తీగ బాగానే ఉంది. అయితే సెన్సారే పోయిందని కొత్తది వేశాను. లైటు పోయింది. భాయినాని ఎక్కించుకుని గోదాముల చుట్టూ ఒక తిప్పు తిప్పాను, రాలేదు. బావ నాకు దండం పెట్టి వెళ్లాడు. మర్నాడు పొద్దెక్కేసరికి మళ్లీ వచ్చాడు.

"ఎలిగింది బావా."

చూస్తే వెలగడం లేదు. "ఏదీ?"

"ఇప్పుడు కాదు. ఆళ్లు ఎక్కినప్పుడు ఎలిగింది. ఆళ్లని బడికాడ దింపేసి, బండి ఆపి మళ్లీ తాళం తిప్పినాను. పోయింది."

కొత్త సెన్సారు నకిలీదేమోనని ఇంకోటి తెప్పించి వేశాను. భాయినా ఊరుకోలేక షూలు కూడా మార్చాడు. మళ్లీ అదే వరస. మా దగ్గరికి వస్తే లైటు బుద్ధిమంతురాలు, టీచరమ్మలు ఎక్కితే రాక్షసి. నాకు తిక్కరేగింది. "నువ్వు అబద్ధమన్నా ఆడుతుండాలి, నీ కళ్లన్నా పోయుండాలి" అన్నాను.

"అమ్మతోడు బావా! సత్తెపెమాణకంగా సెప్తన్నాను. టీచరమ్మలు ఎక్కితేనే ఎలుగుతంది. ఆళ్లు దిగితే పోతంది. నానేటి సెయ్యను?"

భాయినా పొట్ట పట్టుకుని నవ్వాడు. "అరే భాయి, టీచర్‌లోగ్ కో దేఖ్‌కే డర్ గయా! టీచర్లని చూసి భయపడింది! లైటు కూడా స్కూల్లో దెబ్బలు తిన్నట్టుంది" అన్నాడు. అక్కడితో వదిలేస్తే బాగుండేది. ఆ ముక్క తీసుకెళ్లి టీ కొట్టు దగ్గర చెప్పాడు. టీ కొట్టు నుంచి అది గోల్‌మురి చేరేసరికి కాస్త ఒళ్లు చేసింది. 'టీచరమ్మలు లావైపోయారు, వాళ్ల బరువుకి బండి బ్రేకులు పోతున్నాయని డ్రైవరు అంటున్నాడు' అన్న రూపంలో చేరింది.

ఇంకేముంది! పెద్ద టీచరుగారు బడి అయ్యాక తిన్నగా మా గ్యారేజీకి వచ్చారు. ఆటో దిగి గొడుగు ముడిచి, నూనె మరకలు తొక్కకుండా చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని నడిచొచ్చారు. భాయినా వెంటనే బండి కిందకి దూరాడు.

"మేం ఎక్కితే లైటు వెలుగుతోందా?" అని అడిగారు.

"అట్లా అని కాదు మేడమ్..."

"ఎట్లా అని, మరి? ఇన్నేళ్లు ఆ బండిలో తిరిగాం. చిన్న టీచరుకి నొప్పులొస్తే ఆ బండిలోనే ఆసుపత్రికి తీసుకెళ్లాడు. మా ఇంట్లో పెళ్లికి సామానంతా ఆయనే మోశాడు. వేరే బండి మాట్లాడుతుంటే నాకు సంతోషమనుకున్నావా? నా వెంట అంతమంది ఆడవాళ్లు వస్తున్నారు బాబూ. వాళ్లకేమైనా అయితే వాళ్ల పిల్లలకి ఏం చెప్పను? లైటు దాచాడు, పోనీ భయపడ్డాడనుకున్నాను. ఇప్పుడు నింద మా మీద వేస్తాడా?"

కోపంతో వచ్చారనుకున్నాను గానీ, ఆవిడకి కష్టంగా ఉందని అప్పుడు తెలిసింది. "నాకు కొంచెం టైమివ్వండి మేడమ్" అన్నాను. "ఒకటో తారీకు దాకా ఉంది" అని వెళ్లిపోయారు.

ఆ రాత్రి అన్నం దగ్గర మా ఆవిడకి ఇదంతా చెబుతుంటే నా మాట నాకే వినపడింది. టీచరమ్మలు ఎక్కితే వెలుగుతుంది, దిగితే పోతుంది. మేమేమో ఖాళీ బండి చూస్తున్నాం, అదీ జాకీ మీద ఎత్తి, చక్రాలు వేలాడేసి. బావ మర్యాదస్థుడు. జనాన్ని దింపి, బండి కడిగి, తుడిచి మరీ మా దగ్గరికి తెచ్చేవాడు. ఒంట్లో బాగా ఉన్నప్పుడే డాక్టరు దగ్గరికి వెళ్లినట్టు అయింది మా పని.

పొద్దున్నే పక్క గోదాము నుంచి గోధుమ బస్తాలు అరువు తెచ్చి బండినిండా వేయించాను. మోసిన హమాలీలు నాకేసి జాలిగా చూశారు. బండి బాగా కిందికి దిగింది. నేనూ బావా గుండెలు చేతపట్టుకుని ఒక చుట్టు తిరిగొచ్చాం.

లైటు రాలేదు.

"సూసినావా" అన్నాడు బావ, ఏడుపు గొంతుతో. "గోదుమలకి రాదు. ఆళ్లకే వస్తాది. ఇది నా మీద ఏదో గెహచారం బావా. అమ్మేత్తాను. ఇనపసామాన్లోడికి ఫోన్ సేసెయ్యి." అని స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. ఎప్పుడూ నవ్వే మనిషి అలా కూర్చుంటే చూడలేకపోయాను. తిట్టబోయి టీ తెప్పించాను.

టీ తాగుతూ అడిగాను, "ఒరే బావా, ఆళ్లు ఎక్కడెక్కడ కూకుంటారు?"

"ఎక్కడేటి, ఎవరి జాగా ఆళ్లకుంది. లెక్కల టీచరు నా పక్కన. సిన్నోలు మజ్జిలో. పెద్దోలు ఎనక కుడి బెంచీ మీద."

"ఎడం బెంచీ?"

"దాని మీద దిద్దాల్సిన పిల్లల కాపీల కట్టలు, టిఫిన్ బాక్సులు, గొడుగులు. అక్కడెవులు కూకుంటారు?"

నేనేమో బస్తాల్ని రెండు బెంచీల మీదా చక్కగా, సమానంగా సర్ది పెట్టించాను. గోధుమలు ఎలా కూర్చోమంటే అలా కూర్చుంటాయి. మనుషులు అలా కూర్చోరు కదా! బండి కుడి వెనక మూల మీద రోజూ ఎంత బరువు పడుతోందో మాకు తెలియనే తెలియదు. బస్తాలన్నీ కుడివైపుకి నెట్టి చూడొచ్చు, నిజమే. భాయినా ఆ మాటే అన్నాడు. కానీ నాకు బస్తాల మీద నమ్మకం పోయింది. ఆ లైటు ఎవరికి వెలుగుతోందో వాళ్లే కావాలనిపించింది. అదీగాక, లైటు ఆరినా వాళ్ల మనసులో నింద అలాగే ఉండిపోతే బావకి ఏం లాభం?

బడికి వెళ్లి పెద్ద టీచరుగారి ముందు నిలబడ్డాను. చేతులు కట్టుకున్నాను కూడా. నా వయసులో అలా నిలబడటం నాకే నవ్వొచ్చింది. "మేడమ్, మీరందరూ ఒకసారి గ్యారేజీకి వచ్చి రోజూ కూర్చున్నట్టు కూర్చోవాలి. కాపీల కట్టలతో సహా" అన్నాను.

ఆవిడ కళ్లద్దాల మీదుగా నన్ను చాలాసేపు చూశారు. "అంటే మమ్మల్ని తూస్తావా?"

"లేదు మేడమ్. ప్రయోగం."

ఆ మాట పనిచేసింది. సైన్సు టీచరు మరి. "శనివారం ఒంటిపూట బడి. వస్తాం" అన్నారు.

శనివారం మా గ్యారేజీని మీరు చూసి ఉండాల్సింది. భాయినా ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు. బావ ఒక మూల నిలబడి నేల చూపులు చూస్తున్నాడు. ఈసారి జాకీ ముట్టుకోలేదు. బండిని గొయ్యి మీదకి నడిపి, ఇంజను ఆపి, చక్రాలకి చెక్కలు పెట్టాం. గొయ్యి అంటే మనిషి నిలబడి బండి కింది భాగం చూసేందుకు నేలలో తవ్వి కట్టింది. ముందు బానెట్ కింద ఏబీఎస్ పెట్టె నుంచి ఆ కుడి చక్రం తీగలకి మీటరు కలిపి, మీటరుని పొడుగు వైర్లతో లోపలికి లాగి లెక్కల టీచరమ్మ చేతిలో పెట్టాను. "అంకె కనపడినంతసేపూ తీగ బాగున్నట్టండి. అంకె పోయి ఓఎల్ అని అక్షరాలొస్తే తెగినట్టు. గట్టిగా చదవాలి" అని చెప్పి గోతిలోకి దిగాను.

ఒక్కొక్కరే ఎక్కారు. ఎక్కేటప్పుడు తలుపు దగ్గర నవ్వులు, గాజుల చప్పుడు. బండి కొంచెం కొంచెంగా నా నెత్తి మీదకి దిగుతోంది. ఎడం బెంచీ మీద కాపీల కట్టలు దబ్బున పడ్డాయి. "అంకె ఉంది!" అని పైనుంచి లెక్కల టీచరమ్మ అరుస్తూనే ఉంది. చివరగా పెద్ద టీచరుగారు. ఆవిడ జాగా కుడి బెంచీలో వెనక తలుపు పక్కన, సరిగ్గా ఆ చక్రం పైన. ఆవిడ కూర్చున్నారు.

"పోయింది! ఓఎల్!" అని అరిచింది లెక్కల టీచరమ్మ, సంతోషంగా.

గోతిలో నేను తల పట్టుకున్నాను. ఓరి దేవుడో, అంతమందిలో ఈవిడ దగ్గరే పోవాలా! భాయినా గోడవైపు తిరిగి భుజాలు కుదుపుతున్నాడు, నవ్వు ఆపుకోలేక.

అప్పుడు పైనుంచి పెద్ద టీచరుగారి గొంతు వినపడింది. "ఒక్కసారి చూసి నమ్మకూడదు. నేను దిగుతాను. మీరెవ్వరూ కదలొద్దు." దిగారు. "అంకె వచ్చింది!" మళ్లీ ఎక్కారు. "పోయింది!" మళ్లీ దిగారు. "వచ్చింది!" మళ్లీ ఎక్కేసరికి అంకె చదవాల్సినావిడకి నవ్వొచ్చి మాట రాలేదు. పైకి మొదట పకపకా నవ్వింది పెద్ద టీచరుగారే. "ఒప్పుకున్నానమ్మా, నేనే! రిటైరయ్యేలోపు ఒక లైటన్నా వెలిగించాను" అన్నారు. ఇక ఆ బండి ఊగిన ఊపుకి నేను గోతిలో తల కాపాడుకోవాల్సి వచ్చింది.

ఆ నవ్వుల మధ్యే నాకు కనపడింది. సెన్సార్‌కి ఉండే తీగ పొట్టిది, అది ఇరుసు మీదే ముగుస్తుంది. మేం మార్చింది అదే. అక్కడి నుంచి బండి చట్రం మీదకి ఇంకో తీగ వెళ్తుంది. దానికుండాల్సిన క్లిప్పు లేదు, దాని బదులు ఒక ఎర్ర దారంతో పైకి బిగించి కట్టి ఉంది. కుడి మూల బాగా దిగినప్పుడు ఆ ముడి దగ్గర తీగ మడత పడుతోంది. పట్టుకుని నొక్కితే పైతోలు బాగానే ఉంది, లోపల రాగి తెగిపోయింది. బండి లేస్తే కొసలు ఆనుకుంటాయి, దిగితే విడిపోతాయి. మేం జాకీ మీద లేపిన ప్రతిసారీ అది చక్కగా ఆనుకుని మమ్మల్ని వెక్కిరించింది.

"ఈ దారం ఎవుడు కట్టినాడు?" అని గోతిలోంచి కేకేశాను.

బావ వంగి చూశాడు. "నానే బావా. విశ్వకర్మ పూజనాడు. అన్ని చక్రాలకాడా కట్టినాను. అక్కడ తీగ ఏలాడతంటే, దాన్ని కూడా కలిపి కట్టేసినాను. బండికి మంచిదని కట్టినాను."

మా ఊళ్లో ఆ పూజ సంగతి మీకు చెప్పక్కర్లేదు. సైకిలు నుంచి క్రేను దాకా ఆ రోజు దండ పడని బండి ఉండదు. ఎంతో భక్తిగా కట్టాడు, ఆ ముడే కొంప ముంచింది. నేను పైకొచ్చి అందరికీ వినపడేలా చెప్పాను, "బరువుదేం తప్పులేదు. బండి పుట్టిందే బరువు మొయ్యడానికి. ముడి తప్పు చోట పడింది."

బావ టీచరమ్మల ముందుకొచ్చి నిలబడ్డాడు. "అమ్మగోరూ, నాను మిమ్మల్ని ఏటీ అనలేదండి. మీరెక్కితే ఎలుగుతందని అన్నాను, అంతే. మీ మీద నింద ఎయ్యడానికి కాదు. బిల్ల అతికించినాను సూడండి, అది మాత్రం తప్పే. మీరు ఎల్లిపోతారని భయమేసింది" అన్నాడు.

పెద్ద టీచరుగారు నేను కోసిన ఎర్ర దారం నా చేతిలోంచి తీసుకుని ఆయనకిచ్చారు. "పారెయ్యకు. అద్దానికి కట్టుకో, అక్కడ ఎవరికీ అడ్డం రాదు" అన్నారు. వేరే బండి గురించి ఆవిడ చెప్పలేదు. ఆయనకి అడిగే ధైర్యం లేకపోయింది.

తెగిన ముక్క కోసేసి, కొత్త తీగ వేసి, మెలిక తిరిగేందుకు వదులు ఉంచి, క్లిప్పుతో బిగించాను. మీరు కూడా ఆ వదులు మరచిపోకండి. స్కానర్ చెప్పింది అబద్ధం కాదు, కుడి చక్రం నుంచి కబురు రావడం లేదంది, నిజంగానే రావడం లేదు. ఎందుకు రావడం లేదో బావ మొదట్లోనే తన నోటితో చెప్పాడు. మేం నవ్వాం.

సోమవారం పొద్దున నేనూ ఆ బండి ఎక్కాను, ఎడం బెంచీ మీద, కాపీల కట్టల పక్కన. లైటు వస్తే అక్కడికక్కడే పట్టుకుందామని. గోల్‌మురిలో ఒక్కొక్కరే ఎక్కారు. పెద్ద టీచరుగారు ఎక్కి తన జాగాలో కూర్చున్నారు. అందరి మెడలూ ముందుకి సాగాయి. బండి కదిలింది, వేగం అందుకుంది. లైటు రాలేదు. దారిలో ఒక ఆవు అడ్డం వస్తే బావ గట్టిగానే బ్రేకు తొక్కాడు. పెడల్ కింద ఏబీఎస్ టకటకమని కొట్టుకుంది, బండి తిన్నగా ఆగింది. ఆవు మా వైపు చూసి నింపాదిగా వెళ్లింది. అద్దంలో బావ చూపు మాటిమాటికీ వెనక బెంచీ మీదకి పోతోంది.

కాసిడీహ్‌లో బడి ముందు అందరూ దిగారు. పెద్ద టీచరుగారు దిగి, గొడుగు సర్దుకుని, డ్రైవరు కిటికీ దగ్గరికి వచ్చారు.

"ఒకటో తారీకు నుంచి" అని మొదలుపెట్టారు.

బావ చేతులు స్టీరింగు మీద బిగుసుకున్నాయి.

"ఒకటో తారీకు నుంచి మా ఇంటి దగ్గరికి కొంచెం ముందే రావయ్యా. మా మనవరాల్ని మా బడిలోనే నర్సరీలో వేస్తున్నాం. పొద్దున్నే తెమలదు, నువ్వొచ్చి హారన్ కొడితేనే కదులుతుంది." అని చెప్పి గేటులోకి వెళ్లిపోయారు.

బావ కళ్లు తుడుచుకున్నాడు, ముక్కు చీదాడు, నావైపు చూడలేదు. నేనూ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. తర్వాత బండి తిప్పాడు. గోల్‌మురి వైపు కాదు, జుగ్సలాయి వైపు.

"ఇంటికెల్లవా?" అన్నాను.

"గ్యారేజీకే. మజ్జి సీటుకి బెల్టు ఎప్పుడో ఊడిపోనాది. కొత్తది ఎయ్యి బావా, గట్టిది. పాప కూకుంటాది" అన్నాడు.